కొత్త వెర్షన్ మీద భక్తి

మా సొసైటీ కరపత్రాలన్నీ చాలా ఏళ్ళుగా నేనే కంప్యూటర్‌లో టైపు చేసి ప్రెస్‌కు పంపుతాను. నా డెస్క్‌టాప్‌లో లినక్స్ ఉంది. అందులో నేను వాడేవి ఇంకా అధికారికంగా విడుదల కాని ప్యాకేజీలు. పొద్దున్నే అప్‌డేట్ చెయ్యడం నాకు అలవాటు. సంధ్యావందనం ఎప్పుడో మానేశాను కానీ అప్‌డేట్ మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.

ఒక వర్షాకాలంలో పాముకాటు మీద కరపత్రం వెయ్యాలనుకున్నాం. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నదే అందులో విషయం. ఆదివారం సంతలో పంచాలి. శనివారం సాయంత్రం ఫైల్ తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. ‘ఆసుపత్రి’ కాస్తా ‘ఆసుపత్‌రి’ అయ్యింది. ‘మంత్రం’ కాస్తా ‘మంత్‌రం’ అయ్యింది. అక్షరాలను తెర మీద పేర్చే ఒక లైబ్రరీకి వచ్చిన కొత్త వెర్షన్ చేసిన పని అది. పాత ప్యాకేజీని వెతికి వెనక్కి వేసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ప్రెస్ ఏడింటికే మూసేశారు. కరపత్రం సంతకు అందలేదు.

మా సొసైటీ పెద్దాయన రిటైరైన సైన్సు టీచర్. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు. “పాత వెర్షన్‌లో ఏం లోపం కనిపించిందని కొత్తది వేశావయ్యా?”

“కొత్తది కదా మాస్టారూ” అన్నాను.

“పాతది కాబట్టి మంచిదనేవాళ్ళతో నలభై ఏళ్ళు వాదించాను. కొత్తది కాబట్టి మంచిదనేవాడు మన దగ్గరే ఉన్నాడన్నమాట” అని నవ్వారు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అయితే ఆయనకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఒత్తులు విడిపోవడం నేను గురువారమే ఫైల్ పేర్లలో చూశాను. ‘వాళ్ళే సరిచేస్తారులే’ అనుకుని ఊరుకున్నాను. నా అసలు తప్పు అదే.

ఎందుకో చెపుతాను. డెబియన్‌నే ఉదాహరణగా తీసుకోండి. అక్కడ కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్‌లోకి వస్తుంది. దాని పేరు సిడ్. ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరది. అక్కడ కొన్ని రోజులు ఉన్నాక, కొత్తగా తీవ్రమైన బగ్‌లేవీ బయటపడకపోతే, అది టెస్టింగ్‌లోకి వెళుతుంది. సుమారు రెండేళ్ళకోసారి ఆ టెస్టింగ్‌నే స్థిరపరిచి స్టేబుల్‌గా విడుదల చేస్తారు. 12వ వెర్షన్ 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో అలా వచ్చినవే.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోతే బగ్ లేదనే లెక్క. అంటే చూసి కూడా నోరు మెదపని నాలాంటివాడి మౌనం ‘అంతా బాగుంది’ అనే సాక్ష్యంగా నమోదవుతుంది. బాబాల దగ్గర జరిగేది కూడా ఇదే కదా! రోగం తగ్గినవాడు ఊరంతా చెపుతాడు. తగ్గనివాడు సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటాడు. బాబా మహిమ పెరుగుతుంది. ఆ మౌనాన్ని మనం విమర్శిస్తాం. నేను చేసింది మాత్రం ఏమిటి?

నోరు విప్పితే ఏం జరుగుతుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. పెట్టినవాడు రెండేళ్ళకు పైగా ఆ ప్రాజెక్టులో మంచివాడిలా పనిచేసి నమ్మకం సంపాదించాడు. ఆండ్రెస్ ఫ్రాయండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ సిడ్ మీద పనిచేస్తూ, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలెయ్యలేదు. కారణం తవ్వి మార్చి 29న బయటపెట్టాడు. దొంగదారి అప్పటికి డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా ప్రయోగాత్మక శాఖలోకి వచ్చేసింది. డెబియన్ స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు.

దీన్నుంచి రెండు పక్షాలవాళ్ళూ తమకు కావలసిన ముక్క ఏరుకుంటారు. ‘చూశారా, బీటాలు వాడితే విషం ముందు మీకే ఎక్కుతుంది’ అంటారు ఒకరు. అది నిజమే. కానీ సిడ్ వాడేవాడు లేకపోతే ఆ విషాన్ని పట్టుకునేది ఎవరు? స్టేబుల్ దానంతటదే పవిత్రమైనది కాదు. ఎవరో ముందుగా దెబ్బలు తిని, ఆ దెబ్బలు ఎక్కడ తగిలాయో రాసిపెట్టబట్టే అది నిలకడగా ఉంది.

తెలుగువాళ్ళకు ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో కనిపిస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ అప్పటికప్పుడు 11.2.6 విడుదల చేసి సరిచేసుకుంది. జ్ఞానంలోని మొదటి అక్షరమే ఫోన్‌ను పడగొట్టిందని అందరూ జోకులు వేశారు. కానీ తెలుగు ఒత్తు విరిగితే యూరప్‌లో కూర్చున్న డెవలపర్ కంటికి అది తప్పుగా కనిపించదు. మనం చెప్పకపోతే ఆ తప్పు స్టేబుల్ దాకా నడిచిపోతుంది.

ఆ ఆదివారమే నేను బగ్ రిపోర్ట్ రాశాను. రెండు వెర్షన్ల నంబర్లు, ఒక్క పదం, అది ఎలా రావాలో ఒక బొమ్మ, ఎలా వస్తోందో ఒక బొమ్మ. తెలుగు చదవడం రానివాడికి కూడా తేడా తెలిసేలా పెట్టాను. కొన్ని రోజుల్లో సరిచేశారు. గురువారమే ఆ పని చేసి, శనివారం దాకా ఆ ప్యాకేజీని వెనక్కి వేసి ఉంటే కరపత్రం సంతకు అందేది.

ఇప్పుడు సొసైటీ పని స్టేబుల్ మీద చేస్తాను. విడుదల కాని ప్యాకేజీలు వేరే పార్టిషన్‌లో నడుపుతాను. అప్‌డేట్‌కు ‘అవును’ అనే ముందు ఏ ప్యాకేజీలు తీసేస్తానంటోందో చదువుతాను. తీవ్రమైన బగ్‌లుంటే ముందే హెచ్చరించే ఏప్ట్-లిస్ట్‌బగ్స్ పెట్టుకున్నాను. తేడా కనిపించిన రోజునే రాసి పంపుతాను.

మీరు కూడా బీటాలు వాడండి, వద్దనను. కానీ ఏం పరీక్షిస్తున్నారో, తప్పు దొరికితే ఎవరికి చెపుతారో ముందు తేల్చుకోండి. ఆ రెండూ లేకుండా పొద్దున్నే అప్‌డేట్ చేసేవాడికీ, పొద్దున్నే గుడికి వెళ్ళేవాడికీ నాకైతే తేడా కనిపించడం లేదు. గుడికి వెళ్ళేవాడికి కనీసం ప్రసాదమైనా దొరుకుతుంది.