ఎముక విరగకముందే

నడుం నొప్పి, కాళ్ళ నొప్పులు మనకు మామూలే. కాస్త నూనె రాసుకుని, కాపడం పెట్టుకుని మళ్ళీ పనిలో పడిపోతాం. కానీ ఇంట్లో ఎవరికైనా ఒకప్పుడు క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ఎముక నొప్పిని అలా తీసిపారేయకండమ్మా. రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, థైరాయిడ్, మగవాళ్ళలో ప్రోస్టేట్ - ఈ క్యాన్సర్లు ఎముకలకు పాకే అవకాశం ఎక్కువ. పాకిన చోట చాలాసార్లు చెదపట్టిన దూలంలా లోపల గుల్లవుతుంది. పైకేమీ తెలియదు. మంచం దిగుతూ కాలు కాస్త మెలిపడినా విరగొచ్చు.

మరి ముందే తెలుసుకోలేమా అంటారా? 1989లో మైరెల్స్ అనే డాక్టరు ఒక లెక్క చెప్పారు. కాళ్ళు చేతుల పొడవాటి ఎముకలకు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. నాలుగు సంగతులకు మార్కులు వేస్తారు.

చోటు: చేయి అయితే 1, కాలు 2, తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం 3.

నొప్పి: కొద్దిగా ఉంటే 1, ఓ మోస్తరుకు 2, కాలు మోపినా చేయి కదిపినా వస్తే 3.

ఎక్స్‌రేలో తీరు: గట్టిపడి ఉంటే 1, రెండూ కలిసి ఉంటే 2, కరిగి గుల్లయితే 3.

పరిమాణం: ఎముక మందంలో మూడో వంతులోపు 1, మూడింట రెండొంతుల దాకా 2, అది దాటితే 3.

మొత్తం 7 లేదా తక్కువ వస్తే సాధారణంగా రేడియేషన్, మందులతో చూస్తారు. 8 వస్తే డాక్టరు ఆలోచించి నిర్ణయిస్తారు. 9, ఆపైన వస్తే విరగకముందే ఆపరేషన్ చేసి రాడ్డు వేయడం మంచిదంటారు. అంటే విరిగి తీరుతుందని కాదు. ఆయన చూసినవాటిలో 8 వచ్చినవి నూటికి 15, 9 వచ్చినవి నూటికి 33 విరిగాయి. ఇంకా కచ్చితంగా తెలియడానికి సీటీ స్కాన్‌తో ఎముక బలాన్ని లెక్కగట్టే పద్ధతులూ వస్తున్నాయి.

మిగతా మూడు మార్కులూ ఎక్స్‌రే చెబుతుంది. నొప్పి మార్కు మాత్రం మనం నోరు విప్పితేనే పడుతుంది. మనమేమో డాక్టరు ఎదుట "పర్వాలేదండీ" అనేస్తాం! పడుకున్నా ఉంటోందా, నిలబడితేనే వస్తోందా, మెట్లెక్కలేకపోతున్నారా, రాత్రిళ్ళు నిద్ర లేపుతోందా - కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.

ఈలోగా ఆ చోట గట్టిగా మర్దనా చేయించకండి. కట్టు కట్టేవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళకండి. నీళ్ళ బిందె, బియ్యం మూట ఎత్తనివ్వకండి. స్నానాల గదిలో పాచి లేకుండా తోమి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించండి. గుమ్మాల్లో జారే పట్టాలు తీసేయండి.

ఎముకకు బలమిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ వంటి ఇంజక్షన్లు రాస్తే, మొదలుపెట్టకముందే పళ్ళ డాక్టరుకు చూపించాలి. తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదముంది.

ఇంకో మాట. నడుం నొప్పితో పాటు కాళ్ళలో పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా రేపటిదాకా ఆగకండి. వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండొచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంటిల్లిపాది నొప్పులూ కనిపెట్టే మనం మన నొప్పి దాచుకుంటాం. ఆ నొప్పి మీదే అయితే, వంట సంగతి తర్వాత, ముందు ఇంట్లో చెప్పండి.