కేతిగాడి వారసుల మీద ఎందుకింత కోపం?

పేరడీ సినిమాల హీరో సంపూర్ణేష్ బాబు పేరెత్తితే మొహం చిట్లించే పెద్దమనుషులు మా వరంగల్‌లో తక్కువేం లేరు. "అదీ ఒక సినిమానేనా? బూతు, వెకిలి, చవకబారు" అని ఒక్కమాటలో కొట్టిపారేస్తారు. తెలుగు సినిమా పరువు తీసేది ఈ పేరడీలేనంటారు. నేను ఒప్పుకోను.

2014 ఏప్రిల్‌లో వచ్చిన 'హృదయ కాలేయం' చేసిన పనేమిటి? సిద్దిపేట దగ్గరి మిట్టపల్లిలో బంగారం పని చేసుకున్న సంపూర్ణేష్‌ను తెచ్చి హీరోగా నిలబెట్టింది. వెనక సినిమా కుటుంబం లేదు, ముందు కోట్ల సెట్టింగులు లేవు. అదే స్లోమోషన్ నడక, అదే పంచ్ డైలాగు, గాల్లోకి ఎగిరే అదే రౌడీలు. స్టార్ చేస్తే ఈలలు వేసిన మనకు ఇతను చేస్తే నవ్వొచ్చింది. అంటే మనం ఇన్నాళ్లూ మొక్కిన బలం కథలో లేదు, ఇంటిపేరులో ఉంది, పెట్టిన ఖర్చులో ఉంది. ఇంత సూటిగా ఈ సంగతి చెప్పిన విమర్శ వ్యాసం నేను చదవలేదు.

అలా మొక్కించుకునే మన సూపర్‌హీరోకు ముసుగు అక్కర్లేదు. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మేన్'కు శక్తినిచ్చింది ఆంజనేయుడు; 2024లో 'హను-మాన్'కూ ఆయనే దిక్కు. నడుమ నలభై ఏళ్లు మాస్ హీరోలు ఏ వరమూ లేకుండానే అన్నీ చేశారు. 2003లో 'పలనాటి బ్రహ్మనాయుడు'లో హీరో తొడగొడితే రైలు వెనక్కి పోయింది. ఆ సన్నివేశాన్ని నవ్వించాలని తీయలేదు. అలాంటిదానికి పేరడీ కాక ఇంకేం జవాబిస్తాం?

ఇక బూతు సంగతి. ఓరుగల్లు పేరు చెప్పుకుని గర్వపడేవాళ్లు 'క్రీడాభిరామం' ఒకసారి తిరగేయాలి. వల్లభరాయుడి పేరున ఉన్న ఆ వీథి నాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధులు తిరుగుతారు. పూటకూళ్లింట్లో రూకకు భోజనం, కోడిపందెం, పొట్టేళ్ల కొట్లాట, వేశ్యవాడ, ప్రతాపరుద్రుడి ఉంపుడుగత్తె మాచల్దేవి ఇంటి వేడుక, అన్నీ చూస్తారు. పచ్చి శృంగారాన్ని ఎక్కడా దాచలేదు. కాకతీయుల నాటి బజారు బతుకు మనకు తెలిసిందంటే అందులో సగం ఆ పచ్చి నాటకం పుణ్యమే.

తోలుబొమ్మలాటలోనూ అంతే, రామరావణ యుద్ధం నడుమ కేతిగాడు, బంగారక్క దూరి మోటు హాస్యం ఆడేవారు. చిందు భాగవతానికి అలాంటి హాస్యగాడే బుడ్డర్‌ఖాన్ ఉన్నాడు. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఆటలో హాస్యగాడు చేసే పనినే సినిమాలో చేసినవాణ్ణి మాత్రం గుమ్మం బయటే నిలబెడుతున్నాం.

ఎవరి బూతు మనకు బూతుగా కనిపిస్తోందో కూడా చూడాలి. 2025 మార్చిలో సినిమా పాటల్లో అసభ్య స్టెప్పులొద్దని తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరించింది. అప్పుడు రచ్చకెక్కినవి పెద్ద బ్యానర్ల పాటలే. వాటికి ఇంటిల్లిపాదీ టికెట్లు కొంటారు.

పేరడీ అని పేరు పెట్టుకున్న ప్రతి చెత్తనూ నేను వెనకేసుకురాను. ఆడవాళ్ల ఒళ్లు, మనిషి రంగు, కులం మీద వేసే జోకు అసలే కింద ఉన్నవాళ్లను ఇంకా తొక్కుతుంది. దాన్ని తిట్టండి, నేనూ కలుస్తాను. కానీ తిట్టే ముందు ఆ జోకు ఎవరి మీద పడుతోందో చూడండి. పెద్దాయన మీసం మీద పడితే ఎంత మోటుగా ఉన్నా పడనివ్వండి.

ఇలాంటివి తీసేవాళ్లకు వేరే పని చేతకాదన్న మాటా నిలవదు. స్టీవెన్ శంకర్ పేరుతో 'హృదయ కాలేయం' తీసిన సాయి రాజేష్, తర్వాత 'బేబీ'తో 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ స్క్రీన్‌ప్లే రచయితగా నిలిచాడు. అయినా ఆ పురస్కారం రాకపోయినా నా మాట ఇదే. హనుమకొండ కుర్రాళ్లు రేపు ఫోన్ కెమెరాతో తొడగొట్టే హీరో మీద వెకిలి సినిమా తీస్తే, దానికి ఈ ఊళ్లో ఒక తెర, ఒక ఆట ఇవ్వాలి.