కిటికీ అవతల మోగ్లీ

ఈ మధ్య మా ఈడు వాళ్ళు నలుగురు కలిస్తే ఒకటే ముచ్చట. "ఆ రోజులే వేరు. ఊరంతా ఒక్క టీవీ ముందర కూచున్నం. కులం లేదు, మతం లేదు. రామాయణం, మహాభారతం, మోగ్లీ అందరం కలిసే చూసినం" అంటరు. మా బడి స్టాఫ్ రూంలో కూడా ఇదే పాట. వింటుంటే మాకూ ప్రాణం లేచొస్తది. ఎందుకంటే మేమూ చూసినం, మాకూ ఇష్టమే. కానీ "ఊరంతా" అన్న మాట దగ్గరే మాకు పేచీ. ఏ ఊరు? ఆ ఊర్లో వాడ ఉన్నదా, లేదా?

మా ఊరికి టీవీ 1987లో వచ్చింది. ఆ ఏడు జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. కొన్నాళ్ళకే పటేల్ ఇంటి మీద చేప ముల్లు లాంటి ఆంటెనా లేచింది. బ్లాక్ అండ్ వైట్ పెట్టె, దానికి చెక్క తలుపులు, తలుపులకు తాళం. ఆదివారం పొద్దున తాళం తీస్తరు. వాళ్ళ కులపోళ్ళు లోపల మంచాల మీద, బీసీ కులాల వాళ్ళు అరుగు మీద, మేం అరుగు కింద, కిటికీ అవతల. ఆ కిటికీకి ఏడు చువ్వలు. ఈ రోజుకీ కళ్ళు మూసుకుంటే సీత మొఖం రెండు చువ్వల మధ్యనే కనపడ్తది మాకు. సీరియల్ అయిపోయినంక మేం నిలబడ్డ జాగల పటేలమ్మ నీళ్ళు చల్లిస్తుండె.

ఆ నిలబడుడు కూడా పుణ్యానికి కాదు. ముందుగాల కొట్టంల పేడ తియ్యాలె, కుడితి తొట్టి నింపాలె. అన్నిటికన్న పెద్ద పని ఆంటెనా. గాలికి అది తిరిగిందంటే తెర మీద చీమలు పారినట్టుంటది. వెంటనే మాలో ఒకడు ఇంటి ఎనకకు ఉరకాలె.

"బొమ్మొచ్చిందా?"

"రాలే, ఇంకింత తిప్పు!"

"ఇప్పుడు?"

"వచ్చింది! ఆడనే పట్టుకో, కదలకు!"

వాడు అట్లనే పట్టుకోవాలె, ఎండలో, సీరియల్ అయ్యేదాకా. ఊరందరికీ బొమ్మ చూపెట్టినోడికి బొమ్మ లేదు. వారానికొకరం వంతులేసుకున్నం. ఇంటికి పోయే తొవ్వలో వానికి కథ చెప్పడం మిగతా వాళ్ళ పని. హిందీ మాకు ఒక్క ముక్క రాదు. అయినా చెప్పినం. రాక్షసులకు మా ఊరి దొరల పేర్లు పెట్టినం, హనుమంతునితో మా వాడ మాటలు మాట్లాడించినం. ఇప్పుడు ఇరవై ఏండ్ల నుంచి పాఠాలు చెప్తున్నం గానీ, మా మొదటి పాఠం ఆ తొవ్వలోనే అయింది. మా అక్క మాత్రం ఒక్క ఆదివారం కూడా రాలె. ఆమెకు పొద్దుగాలనే కూలి. ఆమె రామాయణం, మోగ్లీ అన్నీ మా నోటితోనే విన్నది.

మోగ్లీ సంగతి వేరే చెప్పాలె. 1993లో ఆదివారం పొద్దున వచ్చేది. జపానోళ్ళు తీసిన బొమ్మల సీరియల్‌ను హిందీలోకి మార్చిండ్రు. పాట గుల్జార్ రాసిండని, షేర్ ఖాన్ గొంతు నానా పాటేకర్‌దని పెద్దయినంక తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. ఒంటి మీద డ్రాయర్ తప్ప ఇంకో గుడ్డ లేని పిల్లగాడు టీవీలో హీరో! కిరీటం లేదు, జంధ్యం లేదు. చెట్లెక్కుతడు, వాగులో దుంకుతడు, అచ్చం మా లెక్క. "మనోడేరా" అనుకున్నం. తోడేళ్ళు వాణ్ణి మందలో కలుపుకుంటే మాకు ఏడుపొచ్చింది. కిప్లింగ్ 1894లో అచ్చేసిన పుస్తకంలో ఆ కలుపుకోవడానికి కూడా ఒక వెల ఉన్నది, భగీరా ఒక ఎద్దును ఇస్తది. అది కాలేజీల చదివినం. కిప్లింగ్ తెల్లదొరల రాజ్యాన్ని భుజాన మోసిన మనిషన్న సంగతి కూడా అక్కడనే తెలిసింది. తెలిసినా మోగ్లీ మీద ప్రేమ పోలె, ఏం చేస్తం.

మన సంఘాల మిత్రులు కొందరు దీన్ని ఒప్పుకోరు. "అవన్నీ మనువాద సీరియళ్ళు, వాటి మీద మోజేంది" అంటరు. మనువాదం ఉన్నది, కాదనం. కానీ చూసిన కండ్లు మావి. మహాభారతం 1988 అక్టోబరు నుంచి 1990 దాకా నడిచింది. అందులో ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చిన వారం, లోపల మంచాల మీదోళ్ళు "ఆహా, ఏం గురుభక్తి" అన్నరు. మేం వాడకొచ్చి చెప్తే డప్పు కొట్టే తాత ఒకాయన చుట్ట తీసి అడిగిండు. "వేలు పోతే సిర్ర ఎట్ల పడ్తడు బిడ్డా? గురువంటివి, ఏం నేర్పిండు వాడు?" మాకు జవాబు దొరకలె. ఆ ప్రశ్న టీవీలోంచి రాలె, వాడలోంచి వచ్చింది. కానీ టీవీ చూడకుంటే వచ్చేదా?

1988లో జలంధర్‌లో వాల్మీకి కులం పారిశుధ్య కార్మికులు చీపుర్లు కింద పెట్టిండ్రు. రామాయణాన్ని పట్టాభిషేకంతో ఆపొద్దు, వాల్మీకి ఆశ్రమంలో లవకుశుల కథ కూడా చూపెట్టాలన్నరు. సమ్మె ఉత్తరాది పట్టణాలకు పాకింది. ప్రభుత్వం దిగొచ్చింది, ఆ కథ కూడా తీయించి వేసింది. "రామాయణం కోసం సమ్మెనా" అని ముక్కు విరిచేటోళ్ళు విరవనీ. తమ మూలపురుషుణ్ణి తెర మీద చూడాలన్నది వాళ్ళ పంతం. దూరదర్శన్ ఎవరి మాటా విననన్న కాలంలో ఊడ్చేటోళ్ళ మాట విన్నది. స్టాఫ్ రూం తలపోతల్లో ఈ ముచ్చట ఎన్నడూ రాదు.

ఇప్పుడు ఇంటింటికీ టీవీ, చేతిలో ఫోను, ఇంకా కిటికీ ఎక్కడిది అంటరు. 2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్‌లో రామాయణం మళ్ళీ వేసినప్పుడు "మళ్ళీ ఆ రోజులొచ్చినయి" అని మురిసిండ్రు. వచ్చినయి, నిజమే. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణల బడి కూడా టీవీలోకే ఎక్కింది. యాదగిరి చానెల్, టీ-శాట్. టీవీ లేని పిల్లల లిస్టు తియ్యమన్నరు, టీవీ ఉన్న ఇండ్లతో వాళ్ళను జతచెయ్యమన్నరు. మా లిస్టులో వాడ పిల్లలే ఎక్కువ. జతచేసినం, సంతకాలు పెట్టినం, పైకి పంపినం.

ఒకనాడు చూద్దామని పోతే, ఆరో తరగతి పిల్ల ఆ ఇంటి కిటికీ అవతల నిలబడి, నోటుబుక్కు గోడకానించి లెక్కలు రాసుకుంటున్నది. ఇంటోళ్ళు కరోనా భయం అన్నరు. అయ్యుండొచ్చు. వాళ్ళ పిల్లగాని దోస్తులు ఇద్దరు మాత్రం లోపల మంచం మీద కూచున్నరు. "లోపలికి పోలేదేంది బిడ్డా" అని అడిగినం. "ఈడికెళ్ళి మంచిగనే కనపడ్తది సార్" అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. జతచేసిన సంతకం మాది.

మిత్రులారా, మీ ఊర్ల మొదటి టీవీ ఎవరింట్ల ఉండె? మీరెక్కడ నిలబడ్డరు, ఏం పని చేసి చూసిండ్రు, ఆంటెనా ఎవరు పట్టిండ్రు? మీరు ప్రేమించిన బొమ్మేది? అది కూడా రాయండి, సిగ్గుపడకండి. రాయరాని పెద్దలుంటే పక్కన కూచొని మీరే రాసుకోండి. వచ్చే సంచికల నుంచి అచ్చేస్తం.