ఇరాను–ఇరాకు సంధి: ఎనిమిదేండ్ల రాయబారము

ఇరాను–ఇరాకు యుద్ధము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి కేవలము దూరదేశపు వార్త కాదు. 1970 తరువాతి దశకమునుండి యీ ప్రాంతపు యువకులు పొలము కుదువబెట్టి, బొంబాయి మార్గమున గల్ఫు దేశములకు కూలికి బోవుచుండిరి. 1980 సెప్టెంబరు 22వ తేదీన నారంభమైన యా యుద్ధము 1988 ఆగస్టు 20వ తేదీవరకు సాగెను. 1984 మొదలు ఆ సముద్రమున చమురు నౌకలపై దాడులు పెచ్చుపెరిగెను. దుబాయినుండియో కువైటునుండియో రావలసిన యుత్తరము ఆలస్యమైనచో ఆ యిండ్లలో ముద్ద దిగెడిది కాదు. అప్పిచ్చిన భూస్వామియు, అప్పుగొన్న రైతును ఒక్క వార్తకే యెదురుచూచిరి. లక్షలమంది ప్రాణములు గొన్న యా యుద్ధము నాపుటకు రాయబారములు లేకపోలేదు. అవి యేల యింతకాలము ఫలింపలేదో విచారింపవలసియున్నది.

వివాదము షత్-అల్-అరబ్ నదికి సంబంధించినది. 1937 నాటి యొడంబడిక ఆ నదిని దాదాపు పూర్తిగా ఇరాకునకు విడిచెను. 1975 మార్చి 6వ తేదీన, అల్జీరియా అధ్యక్షుడు బూమెదియను మధ్యవర్తిగా, నౌకలు నడచు నడిపాయయే సరిహద్దని యుభయులు నంగీకరించిరి. 1979లో ఇరానున విప్లవము వచ్చి, రాజు పోయెను, సైన్యము చెదరెను. అచటి నూతన నాయకులు ఇరాకు ప్రజలను తిరుగబడుమని ప్రబోధింపసాగిరి. సద్దాము హుస్సేను భయపడెను, ఆశయు పడెను. 1980 సెప్టెంబరు 17న ఒడంబడికను త్రోసిపుచ్చి, అయిదు దినములలో సేనలను నడిపెను.

సెప్టెంబరు 28న భద్రతామండలి 479వ తీర్మానమును ఏకగ్రీవముగ నామోదించెను. బలప్రయోగము మానుడని అది యుభయులను గోరెను; అప్పటికే ఇరాను నేలపై నిలిచిన ఇరాకు సేనలను వెనుకకు బొమ్మని మాత్ర మనలేదు. మన పల్లెలలో గట్టు తగాదా వచ్చినపుడు పెద్దమనుషు లేమి చేయుదురు? ముందుగ నాగలిని పొరుగువాని చేనినుండి తీయించి, పిదప హద్దురాళ్లు చూతురు. నాగలి నచటనే యుంచి, యిరువురును శాంతింపుడన్నచో, చేనుగలవాడు ఆ పంచాయితీకి మరల వచ్చునా? ఇరానును రాలేదు. తరువాతి రాయబారములన్నిటికిని ఈ తొలితప్పే యడ్డుపడినదని మా దృఢాభిప్రాయము.

ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా స్వీడను నాయకుడు ఓలాఫ్ పామె పలుమారులు టెహరాను, బాగ్దాదుల నడుమ తిరిగెను. ముస్లిము దేశముల ప్రతినిధులును తిరిగిరి. 1981లో అలీన దేశములు భారతము, క్యూబా, జాంబియా, పాలస్తీనా విమోచన సంస్థల ప్రతినిధుల కీ భారము నొప్పగించెను. అప్పటి మన విదేశాంగమంత్రి పి.వి. నరసింహారావు, నాటి కరీంనగరము జిల్లా వంగర గ్రామస్థుడు. గల్ఫుకు బోవు కూలీలును, యుద్ధము నాపబోవు మంత్రియు నొక్క జిల్లావారగుట విశేషమే. అల్జీరియా విదేశాంగమంత్రి బెన్యాహియా 1982 మే 3న రాయబారము మీద బోవుచు, ఇరాను–టర్కీ సరిహద్దున విమానము కూల్చివేయబడి మరణించెను.

ఇరానును నిర్దోషి యనజాలము. 1982 మే 24న ఖుర్రంషహరు తిరిగి దాని వశమయ్యెను. సద్దాము సేనలను మరల్చి సంధి గోరెను. అపుడు నిలిచియున్నచో ఆరేండ్ల రక్తపాతము తప్పెడిది. సద్దాము పదవినుండి తొలగవలెనని పట్టుబట్టి, జూలైలో ఇరాను సేనలు బస్రావైపు సరిహద్దు దాటెను. ఇరాకు విషవాయువులను ప్రయోగించెను. ఆయుధము లమ్మువారికి మాత్రము కొదువలేదు. ఇరానునకు ఆయుధము లమ్మరాదని లోకమునకు బోధించిన అమెరికాయే 1985, 86 సంవత్సరములలో రహస్యముగ నమ్మెను. సోవియట్లును, ఫ్రెంచివారును ఇరాకునకు సమకూర్చిరి. మన ప్రభుత్వమో, ఉభయులనుండియు చమురు గొనునది గనుక, దురాక్రమణదారు ఎవరో నోరు విప్పి చెప్పలేదు. ఆ జాగ్రత్తను మేము దూషింపము, మెచ్చుకొననును లేము.

1987 జూలై 20న వచ్చిన 598వ తీర్మానము తొలితప్పును కొంత దిద్దెను. కాల్పుల విరమణతోపాటు సేనలు సరిహద్దులకు మరలవలెననియు, యుద్ధమునకు బాధ్యు లెవరో నిష్పక్షపాతముగ విచారింపవలెననియు అందుండెను. ఇరాకు ఒప్పుకొనెను, ఇరాను ఏడాది తటపటాయించెను. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక ఇరాను ప్రయాణికుల విమానమును కూల్చగా 290 మంది మరణించిరి. ఆ నెలలోనే, విషము మ్రింగినట్లున్నదని ఖొమేనీ వాపోవుచు సంధికి సమ్మతించెను. విరమణను పర్యవేక్షించిన సమితి బృందమున భారత సైనికాధికారులును ఉండిరి.

రెండేండ్లు గడవకముందే, 1990 ఆగస్టు 2న, సద్దాము కువైటును మ్రింగెను. ఇరాను తోడు లేనిదే గడవదని తోచి, ఆగస్టు 15న 1975 నాటి నడిపాయ సరిహద్దునే మరల నంగీకరించెను. కువైటునుండి దాదాపు 1,70,000 మంది భారతీయులు అమ్మాను మార్గమున విమానములలో ఇల్లు చేరిరి. వారిలో తెలుగువారు ననేకులు. ఇక బాధ్యుల విచారణ మాట: 1980 సెప్టెంబరు 22 నాటి ఇరాకు దాడి సమర్థనీయము కాదని సమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ ద కుయెల్లార్ 1991 డిసెంబరు 9న నివేదించెను. పదునొకండేండ్లకు వచ్చిన యా తీర్పును బాగ్దాదుకు వ్యతిరేకముగ వ్రాయుటకు అప్పటికి ఏ రాజ్యమునకును అభ్యంతరము లేకపోయెను.