గాలితిత్తి ఎవరి కోసం?

మా పల్లె నుండి ఓర్వకల్లుకు వచ్చే బస్సులో అవ్వకు ఎప్పుడూ వెనక సీటే దొరుకుతుంది. గుంత తగిలినప్పుడల్లా, "ఒరే అబ్బీ, నడుము ఇరిగిపాయె! దీనికంటే మన ఎద్దులబండే మేలు గదరా" అంటుంది.

కారణం తేలికే. కమాన్ కట్టలను నిండు బరువుకు తగినంత గట్టిగా చేస్తారు. బస్సులో పదిమందే ఉంటే అవి సరిగా వంగవు. కుదుపంతా మన వెన్నెముకకే. మెకానిక్కులు బెలూన్ అనే గాలితిత్తి అట్లా కాదు. జనం ఎక్కి బస్సు కుంగగానే వాల్వు తెరుచుకొని తిత్తిలోకి గాలి ఎక్కుతుంది. దిగగానే ఆ గాలి బయటికి పోతుంది. ఎత్తూ మారదు, మెత్తదనమూ పోదు.

ఇది కొత్త వింతేమీ కాదు. అమెరికాలో 1973 నుండి 1978 దాకా తయారైన జి.ఎం.సి. మోటార్‌హోమ్‌కు, అనగా వంటగది, పడకలు గల విహారపు బండికి, వెనక చక్రాలకు గాలితిత్తులే. మిట్టపల్లాల్లో ఆపినా వెనక భాగాన్ని ఎత్తి దించి సమంగా నిలుపుకోవచ్చు. మన దూరప్రయాణపు ఏ.సి. బస్సులకూ గాలితిత్తులున్నాయి.

మిత్రులారా, నా ప్రశ్న ఒక్కటే. బరువు ఎక్కువగా మారేది ఎక్కడ? విహారపు బండిలో మంచం, పొయ్యి కదలవు. పల్లె బస్సులోనో, స్టేజీ స్టేజీకి ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. ఉల్లిగడ్డల మూటలు సరేసరి! సైన్సు ప్రకారం గాలితిత్తి ముందు రావలసింది ఇక్కడికే. ఖర్చెక్కువ, దుమ్ముకు చెడుతుంది అంటారు. నిజమే. కానీ బ్రేకుల కోసం గాలి కంప్రెసరు ఎట్లాగూ ఉంది గదా! మనసుంటే మిగతాదీ అమరుతుంది.

2021లో మా ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచారు. గాలిలో ఎగిరే యోగం ఊరికి వచ్చింది. గాలి మీద కూర్చునే యోగం మా అవ్వకు ఎప్పుడో?