కలుపు చచ్చినను మందు చావదు

కలుపుమందు నేలలో పడి కొన్నాళ్లకు విఱిగిపోవును గనుక భయము లేదని మన రైతుసోదరులు పలువురు తలంచుచున్నారు. పాలు విఱిగినంతమాత్రమున లేకుండబోవునా? మందును అట్టిదే. పత్తిచేలలో వాడు డయురానును నేలలోని సూక్ష్మజీవులు విఱిచినపుడు డైక్లోరోఅనిలిన్ అను వేఱొక పదార్థము పుట్టును. డాఫ్నియా యను ఆవగింజంత నీటిపురుగునకు తల్లిమందుకంటె ఈ పిల్లయే హెచ్చు విషమని పరిశోధనలలో తేలినది. లీటరు నీటిలో మిల్లీగ్రాములో 10వ వంతుకంటె తక్కువయున్నను దాని సంతానము తగ్గును. ఆ పురుగు పాచిని తిని నీటిని తేటపఱచును, చేపపిల్లలకు ఆహారమగును. అది నశించిన చెరువునకు క్షేమము లేదు.

1967లో సాగరు కుడికాలువ పాఱినది మొదలు పల్నాటి గ్రామములనేకము ఆ నీటితో మంచినీటి చెరువులు నింపుకొనుచున్నవి. చేను ఒకరిది, చెరువు ఊరందఱిది.

కూలి భారమైనదన్నమాట సత్యమే. మందు బొత్తిగా మానుడని మేమనుట లేదు. గుంటక తిరుగు సాళ్లలో గుంటకనే తోలుడు. మబ్బు పట్టినపుడు మందు చల్లకుడు. కాలువలో పిచికారీ డబ్బాలు కడుగకుడు. చేనికిని వాగునకును నడుమ రెండు బారల గడ్డినేల విడువుడు. మందులమ్ము సంఘములు ఈ నాలుగు మాటలును చెప్పిన పిమ్మటనే సభ్యుని చేతికి డబ్బా నీయవలెనని మా యభిప్రాయము.