గ్యాస్ మాత్రకు ముగింపు తేదీ ఏది?

మోకాళ్ల నొప్పికి రాసిన చీటీ అయినా, జ్వరానికి రాసిన చీటీ అయినా మన దేశంలో ఒక వరుస తరచుగా కనిపిస్తుంది: ఉదయం పరగడుపున ఒక గ్యాస్ మాత్ర. నొప్పి మాత్ర అయిదు రోజులకు, యాంటీబయాటిక్ వారానికి ఆగిపోతాయి. గ్యాస్ మాత్ర మాత్రం ఆగదు. చీటీ మడతల దగ్గర చిరిగిపోయాక కూడా ఖాళీ స్ట్రిప్ చూపించి అదే మాత్ర కొనుక్కునేవారు పుదుచ్చేరిలో ఉన్నారు, యానాంలో ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. ఈ మాత్ర మంచిదా, చెడ్డదా అనే వాదన ఇంటింటా నడుస్తోంది. దానికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి: దీన్ని ఎందుకు మొదలుపెట్టారు? ఎప్పుడు ఆపాలి? ఈ రెండింటికీ జవాబు లేని చీటీ సగం చీటీయే.

ఒకే మాటలో ఎన్నో జబ్బులు

తెలుగు ఇళ్లలో ‘గ్యాస్’ అనే మాట చాలా బరువు మోస్తుంది. కడుపు ఉబ్బరం గ్యాస్, పుల్లటి తేన్పులు గ్యాస్, ఛాతీలో మంట గ్యాస్, కడుపులో పుండు కూడా గ్యాసే. ఒక్కోసారి గుండెపోటు సైతం ఆ ఖాతాలోనే జమ అవుతుంది. వైద్యశాస్త్రం వీటిని వేరువేరుగా చూస్తుంది. ఉదాహరణకు, కడుపులో పుండ్లకు చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా కారణమని తేల్చినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుండుకు కొద్దిరోజుల యాంటీబయాటిక్ చికిత్స కావాలి. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర మింగితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఆమ్ల రిఫ్లక్స్ సంగతి వేరు. అన్నవాహిక కింది చివర కండరంతో ఏర్పడిన వలయం ఒకటి ఉంటుంది. మింగినప్పుడు అది తెరుచుకుని, ముద్ద దిగాక మూసుకుంటుంది. మింగకపోయినా అప్పుడప్పుడు సడలడం అందరిలోనూ సహజమే. ఎక్కువసార్లు సడలినా, పొట్టలో ఒత్తిడి పెరిగినా జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే మందపాటి జిగురు పొర జీర్ణాశయానికి ఉంది, అన్నవాహికకు లేదు. మంట పుట్టేది అక్కడే. మన దేశంలో పలు కేంద్రాల్లో 3,224 మందిని ప్రశ్నించి భారతీయ గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం నిపుణులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం ఒకసారి ఈ బాధ పడేవారు 7.6 శాతం ఉన్నట్టు తేలింది. దేశ జనాభాతో పోల్చుకుంటే ఇది చిన్న సంఖ్య కాదు.

మందు గొప్పదే

జీర్ణాశయపు గోడలోని కొన్ని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోడే ప్రోటాన్ పంపులు ఉంటాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, ఇసోమెప్రజోల్, రాబెప్రజోల్ వంటి మందులు ఈ పంపులకు అతుక్కుని వాటిని ఆపేస్తాయి. వీటినే పీపీఐలు అంటారు. ఆమ్లాన్ని తగ్గించే మొదటితరం మందు సిమెటిడిన్ తయారీకి దారి చూపిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ దక్కింది. అంతకన్నా శక్తిమంతమైన ఒమెప్రజోల్ బజారుకు వచ్చిందీ అదే ఏడాది. ఒకప్పుడు శస్త్రచికిత్స దాకా వెళ్లిన ఎందరో రోగులకు ఈ మందులు ఆ అవసరం లేకుండా చేశాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వారి ‘ఒమెజ్’ రష్యాలో కూడా ఇంటింటికీ తెలిసిన పేరు.

ఇంత మంచి మందును వాడే పద్ధతి మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. భోజనం మొదలయ్యాకే పంపులు చురుగ్గా పనిచేస్తాయి. అందుకే మాత్రను తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. భోజనం తర్వాతో, మంట మొదలయ్యాకో వేసుకుంటే దాని శక్తిలో చాలా భాగం వృథా. పూర్తి ప్రభావం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే అది జెలూసిల్, డైజీన్ వంటి యాంటాసిడ్ల పని.

పేరు చివర ‘డి’ ఉన్న మాత్రల్లో సాధారణంగా డాంపెరిడోన్ అనే రెండో మందు కలిసి ఉంటుంది. గుండె లయ మీద దాని ప్రభావం దృష్ట్యా యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దాన్ని వాంతులు, వికారానికే, మామూలుగా వారం రోజులకు మించకుండా వాడాలని పరిమితి విధించింది. అలాంటి మాత్రను కొందరు ఏళ్ల తరబడి రోజూ మింగుతున్నారు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ మన చట్టంలో షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. ఆ నియమం కౌంటరు దగ్గర ఎంతవరకు అమలవుతోందో కొనేవారందరికీ తెలుసు.

భయం కూడా తప్పుదారే

2019 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణ జనరల్ పీపీఐ మందుల కరపత్రాల్లో మూత్రపిండాలకు హఠాత్తుగా హాని కలిగే అవకాశాన్ని చేర్చాలని ఆదేశించారు. ఇలాంటి వార్తలు ఫోన్లలో తిరిగే సరికి ‘గ్యాస్ మాత్ర కిడ్నీలు తినేస్తుంది’గా మారిపోతాయి. నిజం అంత సూటిగా లేదు. ఆ హాని అరుదు, కానీ ఉంది. 2019లోనే వెలువడిన మరో పెద్ద పరీక్షలో 17 వేలమందికి పైగా గుండె, రక్తనాళాల రోగుల్లో కొందరికి పాంటోప్రజోల్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున మూడేళ్లు గమనించారు. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రమే స్పష్టంగా కొంచెం పెరిగాయి: 1.0 శాతం నుంచి 1.4 శాతానికి.

కాబట్టి అవసరమున్నవారు భయపడి ఆపితే ప్రమాదం. గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడేవారిలో కడుపులో రక్తస్రావాన్ని ఈ మాత్రే అడ్డుకుంటుంది. అయితే ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి కాబట్టి వారికి పాంటోప్రజోల్ వంటిది ఎంచుకుంటారు. అన్నవాహిక తీవ్రంగా ఒరిసిపోయినవారికి, దాని లోపలి పొర స్వభావమే మారిన బారెట్ స్థితి ఉన్నవారికి దీర్ఘకాలం వాడకం అవసరమే. మిగతావారి విషయంలో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2022 మార్గదర్శకాలు చెప్పేది ఇది: మామూలు లక్షణాలే ఉంటే 8 వారాలు వాడి, ఉపశమనం వచ్చాక ఆపి చూడాలి. బాధ తిరిగి వస్తే ఎండోస్కోపీ చేయించాలి.

ఆపడం దగ్గరే ఒక చిక్కుంది. డెన్మార్క్‌లో ఏ మంటా లేని ఆరోగ్యవంతులకు 8 వారాలు ఇసోమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆపిన తర్వాతి 4 వారాల్లో 44 శాతం మందికి ఆమ్ల బాధలు కనిపించాయి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 15 శాతమే. పంపుల్ని ఆపినంత కాలం ఆమ్లాన్ని ప్రేరేపించే గాస్ట్రిన్ హార్మోను పెరుగుతూ ఉంటుంది. మాత్ర ఆగగానే అది ఒక్కసారిగా ప్రతాపం చూపిస్తుంది. రోగి దాన్ని పాత జబ్బే అనుకుని మళ్లీ దుకాణానికి వెళతాడు. ఈ సంగతి ముందే చెప్పి, అవసరమైతే మోతాదు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో యాంటాసిడ్‌తో సర్దుకుంటే చాలామంది ఆ కొద్ది వారాలు దాటగలరు.

వంటింటి వైద్యం ఎంతవరకు?

మాత్ర మానాలనుకున్నవారు ముందుగా వెళ్లేది వంటింట్లోకే. అక్కడ దొరికేవన్నీ ఒకటి కావు. చల్లటి పాలు నిమిషాల్లో హాయినిస్తాయి కానీ, పాలలోని మాంసకృత్తులు, కాల్షియం తర్వాత ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయి. పుదీనా కడుపుకు చలువ అంటారు, అయితే అది అన్నవాహిక చివరి కండరాన్ని సడలించగలదు. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఎక్కువ రోజులు వాడితే రక్తపోటును పెంచుతుంది, ఒంట్లో పొటాషియాన్ని తగ్గిస్తుంది. వంటసోడా, ఈనో మంటను చల్లారుస్తాయి, వాటితో పాటు సోడియం కూడా ఒంట్లో చేరుతుంది. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది మంచిది కాదు. జీలకర్ర నీళ్లు తాగితే కొందరికి హాయిగా ఉండవచ్చు. మందుకు బదులుగా దాన్ని నమ్ముకోమనడానికి మాత్రం తగిన ఆధారం లేదు.

ఆధారం ఉన్న ప్రకృతి వరమూ ఒకటుంది. తమిళనాడు తీరంలో మండపం వైపు సేకరించే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్ తీస్తారు. ఆల్జినేట్ కలిసిన మందు భోజనం తర్వాత తాగితే, జీర్ణాశయంలోని పదార్థం మీద తెప్పలా తేలి ఆమ్లాన్ని పైకి రానివ్వదు.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేవి పైసా ఖర్చులేనివి. పెరిగిన బరువు తగ్గించడం, పడుకోవడానికి కనీసం 2, 3 గంటల ముందే భోజనం ముగించడం, ఎడమ వైపుకు తిరిగి పడుకోవడం. రాత్రి మంట వచ్చేవారు తలగడలు పేర్చకుండా, మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచుకోవాలి. తలగడలు నడుము దగ్గర ఒంటిని మడిచి పొట్టను నొక్కుతాయి. సాయంత్రం నుంచి వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు పుదుచ్చేరి వాసులకు వరం. అక్కడ షికారు ముగించుకుని ఆలస్యంగా పరోటా, వేపుడు తిని నేరుగా పడుకుంటే ఫలితం తలకిందులు. భోజనం ముందు, నడక తర్వాత అయితే మేలు. ఊరగాయ, కాఫీ, మద్యం అందరిలోనూ ఒకేలా మంట పెట్టవు. అన్నీ ఒక్కసారిగా మానేయడం కన్నా, రెండు వారాలు రాసుకుని ఎవరికి ఏది పడటం లేదో తేల్చుకోవడం నయం.

చీటీలో మరో వరుస

కిక్కిరిసిన ఓపీలో ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలే దక్కుతాయని, ఇంత వివరంగా చెప్పడం కుదరదని వైద్యులు అంటారు. అది నిజమే. అయితే చీటీలో ఆ మాత్ర పక్కన కారణం ఒక్క మాటలో, ఆపాల్సిన లేదా మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ అంకెల్లో రాయడానికి పది సెకన్లు చాలు. పుదుచ్చేరి జిప్మర్‌కు తమిళులతో పాటు ఆంధ్ర జిల్లాల తెలుగువారూ వస్తారు. యానాంలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన జిప్మర్ 90 పడకల విభాగానికి వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువారే. ఇంగ్లీషు చీటీ చదవలేని వారైనా తేదీని చదవగలరు. ఇలాంటి అలవాటు ఒక పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రిలో మొదలైతే, అక్కడ చదివి బయటికి వెళ్లే యువ వైద్యులు దాన్ని ఊరూరికీ తీసుకెళతారు. మందు వల్ల చెడు ప్రభావం కలిగిందని అనుమానం వస్తే రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి తెలియజేయవచ్చు.

తేదీ ఉన్న చీటీతో మరో లాభం కూడా ఉంది. ఆ రోజు రోగి తిరిగి వస్తే, మాత్ర కప్పిపెట్టిన జబ్బు బయటపడే వీలుంటుంది. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత కనిపిస్తే మాత్ర మార్చి చూస్తూ కూర్చోకూడదు, ఎండోస్కోపీ కావాలి. ఛాతీ బరువెక్కి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగి పడుకోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. చీటీలో తేదీ లేనివారు వచ్చేసారి వెళ్లినప్పుడు డాక్టరును అడగాలి: ఈ మాత్ర ఎందుకు, ఎప్పటిదాకా?